కాలి మీద బరువు

డాక్టరు అడిగింది చెల్లెల్ని. జవాబు చెప్పింది అన్న.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"తగ్గిందండీ. సాయంత్రం పూట కాస్త లాగుతుందంతే."

ఎముకల డాక్టరు చిన్న వయసు మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఓసారి అన్న వైపు చూసింది. కుర్చీని చెల్లెలి వైపు తిప్పుకుని మళ్ళీ అడిగింది.

"ఆకలి వేస్తోందా?"

"బ్రహ్మాండంగా తింటోందండీ. ఉప్పు మాత్రం మేం బాగా తగ్గించేశాం."

చక్రాల కుర్చీలో కూర్చున్న చెల్లెలు తెరిచిన నోటిని మెల్లగా మూసుకుంది. ఆవిడ బోర్డులు రాసే మనిషి. ఆ ఆస్పత్రికి వచ్చే దారిలో మందుల షాపు మీదా, బేకరీ మీదా, కళ్ళజోళ్ళ దుకాణం మీదా ఉన్నవి ఆవిడ చేతి అక్షరాలే. ఊరందరి పేర్లూ గోడకెక్కించిన మనిషికి తన కాలి గురించి తాను ఒక్క ముక్క చెప్పుకునే వంతు రాలేదు. అన్న వెనక నిలబడి కుర్చీ పిడులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు, వదిలితే అది దొర్లుకుంటూ ఎటో పోతుందన్నట్టు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. యూనిఫాం చొక్కా వీపున చెమటకు అంటుకుపోయి ఉంది.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగు పెట్టె మీద తగిలించింది. మోకాలికీ మడమకీ మధ్య పొడుగాటి ఎముక, దాని లోపల నిలువునా తెల్లటి కడ్డీ, నడుమ అడ్డంగా నల్లటి గీత. చెల్లెలు ఆ గీతను గుర్తుపట్టింది. కిందటిసారి చూసిందీ దాన్నే. సన్న కుంచెతో ఒక్క విసురులో లాగినట్టు, అంచు కూడా చెదరకుండా అలాగే ఉంది.

"ఈపాటికి ఇది మసకబారాలి," అంది డాక్టరు. "చుట్టూ పొగమంచులా కొత్త ఎముక కమ్ముకోవాలి. ఇంకా సరిగ్గా మొదలవలేదు."

"ఎందుకని?" ఈసారి చెల్లెలే అడిగింది, అన్న ఊపిరి తీసుకునే సందు చూసుకుని.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎముక విరగ్గానే అక్కడ రక్తం గడ్డ కడుతుంది. ఆ కబురు అంది, ఒంట్లోని రోగనిరోధక కణాలు పరుగెత్తుకొస్తాయి. సూక్ష్మజీవులతో కొట్లాడటమే వాటి పని అనుకుంటాం కదా. విరిగిన చోట చెత్త ఎత్తిపోసేదీ అవే, ఎముక కట్టే కణాలను రమ్మని పిలిచేదీ అవే. గోడ కూలితే, ఆ మట్టీ ఇటుకలూ ఎత్తకుండా కొత్త గోడ లేవదు కదా! ఆ హడావుడే మనకు పైకి వాపుగా కనబడుతుంది."

"వాపా?" అన్న ముఖం వెలిగింది. "దీనికి పెద్దగా వాపే రాలేదండీ! అంత జాగ్రత్తగా చూసుకున్నాం. వార్డులో అందరికీ కాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బిపోతే, దీనికి చూడండి, చక్కగా..."

"కాస్త గట్టిగానే వాచి ఉంటే నాకు సంతోషంగా ఉండేది," అంది డాక్టరు.

అన్న కుర్చీ పిడులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"ఈవిడ వేసుకునే మాత్రలు ఆ కణాలను జోకొడుతుంటాయి. జోకొట్టాలి కూడా. లేకపోతే మీరిచ్చిన కిడ్నీని పరాయిదని పట్టుకుని వాయిస్తాయి. కానీ అవి ఒక్క కిడ్నీ దగ్గరే నిద్రపోయి, మిగతా చోట్ల మేలుకుని ఉండవు కదా. కాలు విరిగిందని కేకేస్తే, లేచి, ఆవులించి, ఒకటీ అరా నడిచి వస్తున్నాయి. రావడం మానలేదు. ఆలస్యమవుతోంది."

"అంటే, నా కిడ్నీ వల్లన్నమాట," అన్నాడు అన్న.

"కిడ్నీ వల్ల కాదండీ, మందుల వల్ల."

"మందులు దేనికండీ? నా కిడ్నీ కోసమేగా?"

డాక్టరు చెల్లెలి కాలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి చూసింది. పిక్క కండ తగ్గిపోయి, చర్మం వదులుగా వేలాడుతోంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"కాలి మీద బరువు పెడుతున్నారా? కిందటిసారే చెప్పానుగా. లోపల కడ్డీ ఉంది, కర్ర ఊతంగా పెట్టుకుని నిలబడమన్నాను. బరువు పడితేనే ఎముకకు తన అవసరం ఉందని తెలుస్తుంది."

చెల్లెలు అన్న వైపు చూసింది. అన్న నేల వైపు చూశాడు. "విరిగిన కాలి మీద ఎవరైనా ఎలా నిలబడతారండీ," అన్నాడు గొణుగుతూ. "మీరేదో మాటవరసకు అన్నారనుకున్నాను."

"నేను మాటవరసకు అననండీ. ఇంకో నెల చూద్దాం. నడవాలి, తినాలి. అప్పటికీ ఇలాగే ఉంటే, తుంటి దగ్గర్నుంచి కాస్త ఎముక తీసి అక్కడ పెట్టాల్సి రావచ్చు. మందులు మాత్రం మీ అంతట మీరు మానొద్దు. ఒక్క పూట కూడా. మీ కిడ్నీ డాక్టరుతో నేను మాట్లాడతాను."

బయటికి వచ్చేటప్పుడు అన్న కుర్చీని తోస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. మామూలుగా అయితే గడప వచ్చిందంటాడు, కాలు లోపలికి పెట్టుకోమంటాడు, ఎదురొచ్చేవాళ్ళను జరగమంటాడు. ఈసారి గడప ఎత్తుకు కుర్చీ ఎగిరిపడినా ఆయనకు తెలియలేదు.

అన్న వాళ్ళ ఇల్లు వదిన ఇస్త్రీ కొట్టు మీద. కింద కొట్టు, పైన రెండు గదులు. కాలు విరిగినప్పటి నుంచీ చెల్లెలి మకాం వీధి వైపు గదిలో, కిటికీ పక్కన. అన్న నడిపే బస్సు రోజంతా ఆ వీధిలోంచే తిరుగుతుంది. ఇంటి ముందుకు రాగానే రెండు పొట్టి హారన్లు కొడతాడు. చెల్లెలు చెయ్యి ఊపాలి. ఊపకపోతే తర్వాతి స్టాపులో ఫోను చేస్తాడు. "ఏమే, పడుకున్నావా? మాత్ర వేసుకున్నావా? జ్వరం గానీ తగల్లేదు కదా?" కిడ్నీ మార్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. అప్పుడు తన గది కిటికీలోంచి ఊపేది, ఇప్పుడు వీళ్ళ కిటికీలోంచి ఊపుతోంది.

మర్నాడు పొద్దున బస్సు వచ్చింది. చెల్లెలు అలవాటుగా చెయ్యెత్తింది. బస్సు కాస్త నెమ్మదించి, మళ్ళీ వేగమందుకుని మలుపు తిరిగిపోయింది. హారన్ మోగలేదు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏమ్మా, బస్సు రాలేదా?" కింద నుంచి వదిన కేకేసింది.

"వచ్చింది వదినా. కొట్టలేదు."

వదిన చేతిలో నీళ్ళు చిమ్మే సీసాతోనే మెట్లెక్కి వచ్చింది. పొట్టి మనిషి, మెట్లెక్కితే ఊపిరి అందదు, అయినా మాట ఆగదు. "రాత్రీ అంతే. కంచం ముందు కూర్చున్నారు, లేచారు. ఏమైందండీ అంటే, 'నేనిచ్చిందే దానికి అడ్డమైందే' అన్నారు. పొద్దున రెండు కాళ్ళకీ రెండు రకాల మేజోళ్ళు వేసుకుపోయారు. చెబుదామనుకున్నాను, ముఖం చూసి ఊరుకున్నాను."

చెల్లెలు కిటికీ ఊచ పట్టుకుంది. "నన్ను కూర్చోబెట్టి కాలు ఎండగొట్టాడని నాకు ఒళ్ళు మండిపోతోంది. రాత్రంతా ఆయన్ని తిట్టడానికి మంచి మంచి మాటలు ఏరిపెట్టుకున్నాను వదినా. ఇప్పుడు చూడు, తిట్టనివ్వకుండా ముందే కుమిలిపోతున్నాడు. ఇదెక్కడి అన్యాయం?"

"మీ అన్న ప్రేమ ఉన్ని కంబళిలాంటిదమ్మా. చలిలో బాగుంటుంది. ఎండాకాలం కూడా కప్పుతానంటేనే చావొస్తుంది. నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ చెమటలు కక్కుతున్నాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక చెల్లెలు అంది, "నన్ను కిందికి దింపు వదినా."

"కుర్చీ దింపాలంటే ఆయన రావాలి."

"కుర్చీ కాదు. నన్ను."

మూలనున్న చంకకర్రకు దుమ్ము పట్టి ఉంది. వదిన చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. చెల్లెలు మంచం అంచున కూర్చుని, ముందు బొటనవేలు నేలకు తాకించింది. తర్వాత పాదం. చివరికి మడమ. లేచి నిలబడితే పిక్కలోంచి మోకాలి దాకా ఒక మొండి నొప్పి పాకింది. పళ్ళు బిగించి, కుంచె పట్టుకున్నప్పుడు ఊపిరి బిగబట్టినట్టే బిగబట్టి, వదిలింది. నొప్పి ఉంది. కాలూ ఉంది. మెట్టు మెట్టుకీ వదిన ముందు దిగుతూ, రెండు చేతులూ చాపి, "పడితే నా మీద పడు, మెత్తగానే ఉంటాను," అంటూనే ఉంది. కింద కొట్టులోకి చేరేసరికి ఇద్దరి ముఖాల మీదా చెమట.

కొట్టు నిండా ఆవిరి, కాలిన నూలు వాసన. గోడ పొడవునా ఇస్త్రీ అయిన చొక్కాలు వేలాడుతున్నాయి. బల్ల మీద ఓ హోటలు దుప్పట్ల గుట్ట. చెల్లెలు బల్లకు నడుము ఆనించి నిలబడి దుప్పటి రెండు మూలలు అందుకుంది. వదిన తక్కిన రెండు మూలలు పట్టుకుంది. దులిపి, లాగి, మధ్యకు మడిచి, మళ్ళీ లాగి. లాగినప్పుడల్లా ఒంటి బరువు రెండు కాళ్ళ మీదా పడుతుంది, తెలియకుండానే. సగం గుట్ట అయ్యేసరికి చంకకర్ర గోడకు ఆనుకుని ఒంటరిగా నిలబడి ఉంది.

బస్సు తిరిగొచ్చే వేళకు మళ్ళీ పైకెక్కి కిటికీలో కూర్చుంది. దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంటోంది. బస్సు వచ్చింది. హారన్ లేదు. కనీసం తల కూడా తిప్పలేదు ఆయన.

ఆ మర్నాడు వదిన కొట్టు వెనక నుంచి ఒక పాత చెక్క పలక లాక్కొచ్చింది. "ఊరందరికీ బోర్డులు రాసే ఆడపడుచు ఉండి ఏం లాభం? నా కొట్టు పేరు అట్టముక్క మీద ఉంది. వాన పడ్డప్పుడల్లా లోపల పెట్టుకుంటున్నాను. ఎలాగూ నిలబడాలంటున్నావుగా, నిలబడి అదేదో రాసెయ్యి."

పలకను గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు పూసి, ఎండలో ఆరబెట్టారు. నీలం సుద్ద రాసిన దారం ఒక కొస వదిన వేలికి, ఇంకో కొస చెల్లెలి వేలికి. చెల్లెలు మధ్యలో పట్టుకుని లాగి వదిలింది. టప్‌మని నీలం గీత పడింది. వదిన చిన్నపిల్లలా, "ఇంకోటి, ఇంకోటి," అంది.

కుంచె పట్టి చాలా రోజులైంది. మొదటి గీత వణికింది. గుడ్డతో తుడిచేసింది. కూర్చుని రాద్దామని చూసింది, లాభం లేదు. కూర్చుంటే గీత మణికట్టు దగ్గర ఆగిపోతుంది. నిలబడి రాసే చేతికి గీత భుజంలోంచి వస్తుంది, భుజానికి నడుములోంచి, నడుముకు కాళ్ళలోంచి. ఎడమకాలి నుంచి కుడికాలికి బరువు మార్చుకుంటూ పోతేనే అక్షరానికి కడుపు గుండ్రంగా తిరుగుతుంది. అది ఆవిడకు ఇన్నేళ్ళలో తట్టలేదు. ఇప్పుడు విరిగిన కాలు ఒక్కో వంపు దగ్గరా చురుక్కుమని గుర్తుచేస్తుంటే తెలిసింది. రాస్తూ రాస్తూ కూనిరాగం తీసింది. వదిన ఇస్త్రీపెట్టె చప్పుడు ఆపి విన్నది గానీ, విన్నట్టు కనబడలేదు.

చివరి అక్షరం సగంలో ఉండగా ఫోను మోగింది. ఎముకల డాక్టరు.

"ఏమనుకోకండమ్మా. మీ అన్నయ్యగారు ఇందాక ఇక్కడికి వచ్చారు. తన తుంటి ఎముక తీసుకుని మీకు పెట్టేయమంటున్నారు. అవసరమైతే మీ తుంటిదే తీస్తాం, మీ ఎముకే మీకు మంచిది అని చెప్పాను. వినడం లేదు. 'దాన్ని ఇప్పటికే రెండుసార్లు కోశారు, ఈసారి నన్ను కోయండి' అంటారు. మీరు కాస్త చెప్పండి."

చెల్లెలు ఫోను పెట్టేసి నవ్వింది. ఎంత నవ్విందంటే కుంచెలోని రంగు బొట్లు బొట్లుగా నేల మీద పడింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటుంటే కోపం వచ్చింది.

"ఆయనతో ఇంట్లో మాట్లాడటం నా వల్ల కాదు వదినా. గదిలో నుంచి లేచి వెళ్ళిపోతాడు. లేవలేని చోట దొరకాలి."

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. ఇద్దరూ ఒకేసారి వీధిలోకి చూశారు.

స్టాపు దాకా చంకకర్రతో నడిచింది చెల్లెలు. పెద్ద దూరమేమీ కాదు, కానీ మధ్యలో మందుల షాపతను బయటికొచ్చి పలకరించాడు, ఇంకెవరో కూర్చోమని కుర్చీ వేశారు. కూర్చోలేదు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. అన్న కళ్ళు చిట్లించి చూసి, అదిరిపడ్డాడు.

"నువ్వేంటే ఇక్కడ! ఎవరు దింపారు నిన్ను?"

"ప్రయాణికురాల్ని. పోనివ్వు."

ముందు సీటులో కూర్చున్న ముసలావిడ ఒళ్ళోని మొక్క కుండీ పక్కకు జరిపి చోటిచ్చింది. సరిగ్గా అన్న వీపు వెనక సీటు. ఆయన తల పైనున్న రేకు మీద రాసి ఉంది, 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని. చెల్లెలు దాన్ని పైకీ కిందికీ చూసింది. "వంకర టింకరగా ఏడ్చినట్టుంది. ఎవరు రాశారో గానీ, దీని మాట వినక్కర్లేదు," అంది.

బస్సు కదిలింది.

"తుంటి ఎముక ఇస్తానన్నావట."

అన్న అద్దంలోంచి ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. "చెప్పేసిందా ఆ డాక్టరమ్మ?"

"ఇలా ఒక్కొక్కటీ విప్పి ఇచ్చుకుంటూ పోతే ఈ బస్సు ఎవరు నడుపుతారు? స్టీరింగు దానంతటదే తిరుగుతుందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో మధ్య సీట్లలోంచి ఒకాయన లేచి, కడ్డీ పట్టుకుని ముందుకు వచ్చాడు. బేకరీ ఆయన.

"అమ్మా, మీరేనా! కాలు తగ్గిందా? మీరు బోర్డులు రాయడం మానేశారంటే నేను వేరేవాళ్ళను వెతుక్కుంటున్నాను. కొత్త కొట్టుకు గోడంతా రాయించాలి."

"మానేశానని ఎవరన్నారు?"

బేకరీ ఆయన డ్రైవరు వైపు చూశాడు. తల మీది రేకు వైపు చూశాడు. వేలితో ఆ రేకును చూపించి, మళ్ళీ వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

చెల్లెలు అన్న సీటు వైపు ముందుకు వంగింది.

"నువ్వే చెప్పావా అన్నయ్యా?"

అన్న గేరు మార్చాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి మార్చాడు. "అడిగినవాళ్ళకు చెప్పాను."

"ఎంతమంది అడిగారు?"

"చాలామందే అడిగారు."

"చాలామందే అడిగారా?" కోపంగా అనబోయిన మాట చివర్లో సంతోషంగా తిరిగింది. చెల్లెలికి తన మీదే కోపం వచ్చింది. గొంతు సవరించుకుంది. "చూడు. నీ ఒళ్ళు కోయించుకుని ఇచ్చావు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. కానీ ఇచ్చి చెయ్యి తియ్యలేదు నువ్వు. ఇంకా పట్టుకునే ఉన్నావు. తినే తిండిలో నీ చెయ్యే, ఎక్కే మెట్టు దగ్గర నీ చెయ్యే, డాక్టరు నన్నడిగితే నీ నోరే. చివరికి నా పని కూడా నువ్వే మానేశావు."

"నా భయం నీకేం తెలుసే," అన్నాడు అన్న. రోడ్డు మీది చూపు తిప్పకుండా. "పోనీ, భయపడి కాపాడానా అంటే అదీ లేదు. నేనిచ్చినదాని వల్లే నీ ఎముక అతకట్లేదు."

"నువ్విచ్చినదాని వల్లే నేను నిచ్చెనెక్కాను. కిందపడాలన్నా మనిషి ఉండాలిగా! నువ్వివ్వకపోతే పడటానికి నేనెక్కడ? ఆ పడటం కూడా నీ చలవే."

ముందు నవ్వింది మొక్క కుండీ ముసలావిడ. పళ్ళు లేని నోటితో, ఒళ్ళంతా ఊగేలా. ఆవిడను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు. అన్న భుజాలు కూడా కదిలాయి. నవ్వో ఏడుపో అద్దంలో సరిగ్గా కనబడలేదు.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. ముసలావిడ దిగుతూ అన్న భుజం మీద తట్టి, "మంచి చెల్లెలయ్యా, బాగా తిడుతుంది," అని వెళ్ళింది. అన్న ఇంజను ఆపి, ఎదుటి కొట్టు నుంచి రెండు టీలు తెచ్చాడు. మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎండ వాలుతోంది.

"ఆపరేషను రోజు నీకంటే ముందు నన్ను లోపలికి తీసుకుపోయారు," అన్నాడు అన్న గ్లాసులోకి చూస్తూ. "తలుపు మూసుకునేటప్పుడు నువ్వు చెయ్యి ఊపావు. ఆ చెయ్యే నాకు రోజూ కనబడాలనిపిస్తుంది. అంతే. ఇంకేం లేదు."

చెల్లెలు తన టీ చివరి గుక్క తాగింది. తర్వాత, "ఊపుతాను. కానీ నాకు ఊపబుద్ధేసినప్పుడు ఊపుతాను," అంది.

"సరే."

"కిడ్నీ ఇప్పుడు నాది. నీకొకటుందిగా, దాన్ని చూసుకో. అసలు నువ్వు నీళ్ళు తాగుతున్నావా?"

అన్న గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"పొద్దున్నుంచి ఏం తాగావు?"

"ఇదిగో, ఈ టీ."

"అంతేనా?"

"మధ్యలో దిగడానికి ఉండదే. తాగితే పోవాల్సొస్తుంది. అందుకని..."

"చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు?"

బస్సు టైరు వైపు అన్న ఎంతో శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. చెల్లెలు కర్ర నేలకేసి కొట్టి లేచి నిలబడింది. రెండు కాళ్ళ మీదా. అన్న ఆ కాళ్ళను చూశాడు. అప్పటిదాకా గమనించలేదేమో, గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కూర్చోమనడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు.

కిడ్నీ డాక్టరు పెద్దాయన. ఏ మాటైనా నమిలి నమిలి చెబుతాడు. వాళ్ళిద్దరి రక్తపరీక్షలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"మందుల గురించి ఎముకల డాక్టరూ నేనూ మాట్లాడుకున్నాం. ప్రస్తుతానికి మార్చను. కిడ్నీ నికరంగా, రాయిలా పనిచేస్తోంది."

"రాయి అనకండి సార్," అన్నాడు అన్న కంగారుగా.

పెద్దాయన ముసిముసిగా నవ్వాడు. "గడియారంలా అందాం. దాన్ని కదపను. మీ ఒంట్లోవాళ్ళు నిదానస్తులమ్మా, బద్ధకస్తులు కారు. మీ పని మీరు చేయండి, వాళ్ళ పని వాళ్ళు చేస్తారు." తర్వాత అన్న వైపు తిరిగాడు. "మీ సంగతే నాకు నచ్చలేదు. నీళ్ళు తాగుతున్నారా?"

"ఎక్కడండీ! గొంతు తడుపుకోవడమే గగనం. పైగా..." చెల్లెలు అక్కడ ఆగింది. అన్న ముఖం చూసింది. నాలుక కరుచుకుని, "నువ్వే చెప్పన్నయ్యా," అంది.

అన్న చెప్పాడు. ఉన్నదున్నట్టు, తలొంచుకుని, బడిలో పిల్లాడిలా. పెద్దాయన పెట్టిన చివాట్లు బయట బల్ల మీద కూర్చున్న వదిన దాకా వినబడ్డాయి. ఆ రోజు నుంచి చివరి స్టాపు టీ కొట్టులో ఒక పెద్ద నీళ్ళ సీసా ఆయన కోసం ప్రత్యేకంగా ఉంటోంది. ఖాళీ అయిందో లేదో టీ కొట్టాయన వదినకు ఫోను చేసి చెబుతాడు. ఆ ఏర్పాటు ఎవరు చేశారో అన్నకు ఇంకా తెలియదు.

వదిన కొట్టుకు బోర్డు ఎక్కింది. దాన్ని చూసి ఎదుటి దర్జీ తనకూ కావాలన్నాడు. అన్న ఎప్పుడు మొదలుపెట్టాడో గానీ, బస్సెక్కిన ప్రతివాళ్ళకూ, "మా చెల్లెలు మళ్ళీ రాస్తోంది, తెలుసా?" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకతనైతే బోర్డు రాయించుకోవడానికి తనకు కొట్టే లేదని మొత్తుకున్నా విడిచిపెట్టలేదట. చెల్లెలు పొద్దున దుప్పట్లు మడిచి, మధ్యాహ్నం బోర్డులు రాసి, సాయంత్రం వీధి చివరి దాకా నడిచి వచ్చేది. కొన్ని రోజులు కాలు నొప్పితో రాత్రి మూలిగేది. కొన్ని రోజులు చంకకర్ర ఎక్కడ మరిచిపోయిందో ఇల్లంతా వెతుక్కునేది.

నెల తిరిగాక మళ్ళీ ఎముకల డాక్టరు గది. చక్రాల కుర్చీ ఇంటి దగ్గరే ఉండిపోయింది. డాక్టరు ఫిల్ము తగిలించి, కళ్ళజోడు కిందికి దించుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. పాత ఫిల్ము తీసి పక్కన తగిలించింది. అన్న రెండు చేతులూ నోటికి అడ్డంగా పెట్టుకున్నాడు, మాట దానంతటది బయటికి దూకుతుందేమోనని.

"మీరే చెప్పండమ్మా, ఏం కనబడుతోంది?" అంది డాక్టరు.

చెల్లెలు లేచి వెలుగు పెట్టె దగ్గరికి నడిచింది. నల్ల గీత పూర్తిగా పోలేదు. కానీ దాని అంచులు చెదిరాయి. తడి రంగు మీద వేలు రాసినట్టు గీతకు రెండు వైపులా తెల్లటి మసక, చిన్న ఉబ్బులా, ఎముక చుట్టూ ముడివేసుకుంటోంది.

"పొగమంచు," అంది చెల్లెలు.

"పొగమంచే. కొత్త ఎముక. ఆలస్యంగానైనా అందరూ వచ్చి పని మొదలుపెట్టారు. గట్టిపడటానికి ఇంకా టైము పడుతుంది. ఆపరేషను మాట ఇప్పుడు తీసుకురాను."

అన్న చేతులు నోటి మీది నుంచి కళ్ళ మీదికి జరిగాయి. డాక్టరు బల్ల మీది కాగితాలను చాలాసేపు సర్దింది.

"ఎలా ఉందమ్మా నొప్పి?"

"ఉందండీ. పని చేసినప్పుడు ఎక్కువ, పని చేయకపోతే ఇంకా ఎక్కువ," అంది చెల్లెలు. తర్వాత తన కాలి గురించి, పిక్కలో పట్టు గురించి, మెట్లు దిగేటప్పుడు మడమ ఎలా తిప్పుతోందో, ఏ వంపు దగ్గర చురుక్కుమంటుందో మొదలుపెట్టి చెబుతూ పోయింది. ఎంతసేపు చెప్పిందంటే బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు. అన్న ఒక్కసారి కూడా మధ్యలో రాలేదు. తెలియని సంగతులు చాలా విన్నాడు.

మెట్ల దగ్గర ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది. మధ్యలోనే వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని దిగాడు.

"శనివారం నా గదికి వెళ్ళిపోతాను," అంది చెల్లెలు.

"మంచిది," అన్నాడు అన్న. కాసేపాగి, "మీ వదిన ఏడుస్తుంది," అన్నాడు.

"వదిన ఏడవదు. నిన్న నాతోపాటు సామాను సర్దింది, పాటలు పాడుతూ."

"అయితే నేనేడుస్తానేమో."

"ఏడువు. ఏడ్చాక నీళ్ళు తాగు."

గేటు దగ్గర అన్నకు తన డిపోలో పనిచేసే మెకానిక్కు ఎదురయ్యాడు. అతని చేతి కట్టు చూసి ఎముక విరిగిందని తెలుసుకున్నాడో లేదో, అతన్ని పక్కకు లాగి, ఎముక విరిగితే ఒంట్లో ముందు ఎవరొస్తారు, చెత్త ఎవరెత్తుతారు, వాపు ఎందుకు మంచిది, మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. గాల్లో చేతులతో ఎముక గీసి చూపించాడు. "వాచిందా? బాగా వాచిందా? భేష్! అదృష్టవంతుడివి!" అన్నాడు. నొప్పితో ముఖం మాడ్చుకున్న ఆ మనిషి ఏమీ అర్థంకాక తల ఊపాడు.

చెల్లెలు కాసేపు ఆగి చూసింది. తర్వాత ఆగలేదు.

అన్న మాట ముగించి తల తిప్పేసరికి ఆవిడ పక్కన లేదు. వీధిలో చాలా దూరంలో, కొంచెం కుంటుతూ, కొంచెం ఊగుతూ, జనం మధ్యలోంచి పోతోంది. ఏదో గోడ దగ్గర ఆగి, అరచేతితో దాని గరుకు తడిమి చూసి, మళ్ళీ కదిలింది.

"ఒసేయ్! ఆగవే!" అన్న పరుగందుకున్నాడు. ఏళ్ళ తరబడి సీట్లో కూర్చున్న మనిషి, నాలుగు అంగలకే రొప్పు వచ్చింది. "అందుకోలేకపోతున్నానే, కాస్త నెమ్మదిగా!"

చెల్లెలికి వినబడింది. నవ్వుకుంటూ, అదే నడక నడిచింది.